పోర్టబుల్ గ్యాస్ గ్రిల్ ఏ సైజు తీసుకోవాలి? తిండి నుంచి డిక్కీ దాకా లెక్క

అమెరికాలో ఎండలు మొదలవగానే తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ప్రశ్న ఒకటుంది: "మేం ఆరుగురం, ఏ గ్రిల్ తీసుకోమంటారు?" ఈ ప్రశ్నకు ఇంతమందికి ఇంత అని జవాబు చెప్పడం కుదరదు. ఆరుగురు బర్గర్లు తినడం వేరు, ఆరుగురు తలా మూడు లెగ్ పీసులు తినడం వేరు. బర్గర్ పది నిమిషాల్లో దిగిపోతుంది. లెగ్ పీసు నలభై నిమిషాలు జాలీ మీదే కూర్చుంటుంది.

అందుకని మనుషులను కాకుండా, అన్నిటికంటే నిదానంగా కాలే ముక్కను లెక్కలోకి తీసుకోవాలి. ఆ ముక్కలు ఒకేసారి ఎన్ని పట్టాలో తేలితే జాలీ వైశాల్యం తేలుతుంది. దాన్ని మీ కారు డిక్కీ, మీ చేతులు, గ్యాస్ సిలిండర్ ఎంతవరకు ఒప్పుకుంటాయో తర్వాత చూడాలి. కింది అంచెలు ఆ వరసలోనే ఉన్నాయి. వరస తప్పించి ముందు మోడల్ ఎంచుకున్నవాళ్లే ఎక్కువగా తిప్పి ఇచ్చేస్తుంటారు.

1. ముందు ఈ అయిదు విషయాలు కాగితం మీద రాసుకోండి

- ఎక్కువసార్లు ఎంతమందికి వండుతారు? ఏడాదికి ఒకసారి వచ్చే పాతికమంది గుంపును లెక్కలోకి తేవద్దు.
- మీ ఇంట్లో ఎక్కువగా కాల్చేది ఏమిటి? ఎముక ఉన్న చికెనా, టిక్కాలా, మొక్కజొన్న పొత్తులా, పనీరా?
- శాకాహారులకు వేరే జాలీ కావాలా?
- ఎక్కడ వాడతారు? పార్కులోనా, క్యాంపింగ్‌లోనా, అపార్ట్‌మెంట్ బాల్కనీలోనా?
- డిక్కీలో కూలర్, కుర్చీలు, స్ట్రోలర్ పెట్టాక మిగిలే చోటు ఎంత? టేపుతో కొలిచి రాయండి. కంటి అంచనా పనికిరాదు.

2. ఒక్కో ముక్కకు ఎంత చోటు, ఎంతసేపు

అమెరికాలో గ్రిల్ సైజును చదరపు అంగుళాల్లో చెబుతారు. ముక్క చుట్టూ గాలి, వేడి తిరగడానికి, పట్టకారు దూరడానికి కాస్త సందు కలుపుకుంటే లెక్క సుమారుగా ఇలా ఉంటుంది. కాలే సమయం మూత వేసి, మధ్యస్థం మంట మీద.

- చికెన్ లెగ్ పీసు: 12 చదరపు అంగుళాలు, 35–40 నిమిషాలు
- ఎముక ఉన్న థై పీసు: 16–18, 35–40 నిమిషాలు
- వింగ్: 6–7, 20–25 నిమిషాలు
- బోన్‌లెస్ చికెన్ టిక్కా పుల్ల, 10 అంగుళాలది: 20, 10–12 నిమిషాలు
- పనీర్, క్యాప్సికమ్ పుల్ల: 20, 8–10 నిమిషాలు
- రొయ్యల పుల్ల: 18–20, 5–6 నిమిషాలు
- ల్యాంబ్ చాప్: 10–12, 8–10 నిమిషాలు
- మొక్కజొన్న పొత్తు, పూర్తిది: 20, 15–20 నిమిషాలు
- బర్గర్ ప్యాటీ: 20, 8–10 నిమిషాలు
- పౌను బరువుండే పూర్తి చేప: 60, 12–15 నిమిషాలు

పెరుగు, కారం పట్టించిన ముక్కలకు సందు ఇంకాస్త ఎక్కువ వదలండి. ముక్కలు ఒకదానికొకటి తాకుతుంటే పెరుగులోని నీరు ఆవిరై పోయే దారి ఉండదు. అంచులు కాలవు, ఉడికినట్టు తెల్లగా ఉండిపోతాయి. "మా గ్రిల్‌లో వేడి చాలట్లేదు" అనేవాళ్లలో చాలామంది నిజానికి ముక్కలు కిక్కిరిసేలా పెట్టినవాళ్లే.

3. జాలీ అంతా వాడుకోలేరు: 0.7 లెక్క

డబ్బా మీద 200 చదరపు అంగుళాలు అని ఉంటే 200 మీకు అందవు. పోర్టబుల్ గ్రిల్ మూలల్లో వేడి తక్కువ. పైగా కొవ్వు కారి మంట లేచినప్పుడు ముక్కను పక్కకు జరపడానికి కొంత ఖాళీ ఉండి తీరాలి. కాబట్టి మొత్తంలో 70 శాతమే లెక్క వేసుకోండి.

సూత్రం ఇది:

కావలసిన వైశాల్యం = ముక్కల సంఖ్య × ఒక్కో ముక్క చోటు ÷ 0.7 ÷ విడతల సంఖ్య

విడతలు ఎన్నో ఇలా తేల్చండి. మొదటి ముక్క జాలీ ఎక్కడం నుంచి ఆఖరి ముక్క దిగడం దాకా ఎంతసేపు ఓపిక పట్టగలరో అనుకోండి. గంటన్నర అనుకుంటే 90ని 40తో భాగించండి. చికెన్‌కు రెండు విడతలు వస్తాయి. మూడో విడత దాకా సాగదీస్తే పిల్లలు చిప్స్‌తో కడుపు నింపేసుకుంటారు, చివరి ముక్కలు ఇంటికి తిరిగొస్తాయి. చికెన్‌కు రెండు విడతలు దాటనివ్వకండి.

నలుగురి ఇంటికి లెక్క. తలా రెండు లెగ్ పీసులు, మొత్తం ఎనిమిది. 8 × 12 = 96. దాన్ని 0.7తో భాగిస్తే 137. అంటే 140–160 చదరపు అంగుళాల గ్రిల్ మీద చికెన్ ఒకే విడతలో అయిపోతుంది, పొత్తులు మాత్రం తర్వాత వేసుకోవాలి. 190 తీసుకుంటే వాడుకునే చోటు 133. చికెన్ పోగా 37 మిగులుతుంది. ఒక పొత్తు హాయిగా, రెండోది ఇరుగ్గా పడుతుంది.

పన్నెండుమంది పాట్‌లక్‌కు లెక్క. ఎనిమిదిమంది మాంసాహారులు, నలుగురు శాకాహారులు అనుకుందాం. లెగ్ పీసులు 16, అంటే 192. 0.7తో భాగిస్తే 274. ఒకే విడతలో కావాలంటే 280 చదరపు అంగుళాల పైన గ్రిల్ ఉండాలి. రెండు విడతలు పరవాలేదంటే 137 చాలు. కాబట్టి 190 గ్రిల్‌తో ఈ పార్టీ సాగిపోతుంది. మనుషుల్ని లెక్కబెట్టి అడిగితే షాపువాళ్లు నేరుగా 300 పైన ఉన్నదాన్నే చూపిస్తారు.

లెక్క కాగితం మీద నమ్మకం కుదరకపోతే అట్టపెట్టె ఒకటి కత్తిరించండి. 11 అంగుళాలకు 17 అంగుళాల ముక్క అంటే 187 చదరపు అంగుళాలు. చికెన్ కొన్న రోజు కవరు మీదుగానే ముక్కల్ని దాని మీద పరిచి చూడండి. ఏ రివ్యూ చెప్పనిది అక్కడ తెలుస్తుంది.

4. శాకాహారుల సంగతి ముందే తేల్చండి

సైజు నిర్ణయాన్ని మన ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువగా మార్చేది ఇదే. అమెరికన్ కొనుగోలు సలహాల్లో మాత్రం దీని ఊసే ఉండదు.

పెద్ద గ్రిల్ మధ్యలో అల్యూమినియం ఫాయిల్ మడిచి గోడ కడితే సరిపోతుందని అనుకుంటారు. చికెన్ నుంచి కారే నూనె, పొగ, మంట ఆ గోడను లెక్కచేయవు. ఒప్పుకునేవాళ్లు ఒప్పుకోవచ్చు. నిష్ఠగా ఉండే పెద్దవాళ్లు వచ్చినప్పుడు "నాకు ఆకలి లేదమ్మా" అని తప్పుకుంటారు.

అందుకే మా సలహా సూటిగా: మిశ్రమ గుంపుకు తరచూ వండేవాళ్లు 300 చదరపు అంగుళాల గ్రిల్ ఒకటి కొనేకంటే 190ది ఒకటి, 150ది ఒకటి కొనండి. చిన్నది శాకాహారానికే. దానికి వేరే పట్టకారు, వేరే బ్రష్, వేరే పళ్లెం. రెండింటినీ ఇద్దరు ఒక్కో చేత్తో మోసుకుపోవచ్చు. మామూలు రోజుల్లో ఇద్దరికో ముగ్గురికో చిన్నదొక్కటే వెలిగిస్తే సరి.

పై పన్నెండుమంది లెక్కలో నలుగురికి తలా రెండు పనీర్ పుల్లలు అంటే 160 చదరపు అంగుళాలు, 150 గ్రిల్ మీద రెండు విడతలు, ఇరవై నిమిషాల్లోపు పని. ఆరు పొత్తులు అంటే 120, అవీ రెండు విడతలే. అటు చికెన్ మొదటి విడత దిగేటప్పటికి ఇటు పనీర్ అయిపోయి పొత్తులు కాలుతుంటాయి.

ఒక్క గ్రిల్‌తోనే సరిపెట్టుకోవాల్సి వస్తే శుభ్రం చేసిన జాలీ మీద కూరగాయలు, పనీర్, పొత్తులు ముందు కాల్చి తీసేయండి. ఆ తర్వాతే మాంసం.

5. డబ్బా మీద అంకెల్ని చదివే పద్ధతి

*మొత్తం వైశాల్యం, అసలు వైశాల్యం.* కొన్ని గ్రిల్స్‌కు పైన చిన్న అర ఉంటుంది. దాన్ని కూడా కలిపి పెద్ద అంకె వేస్తారు. ఆ అర వేడిగా ఉంచడానికే, కాల్చడానికి కాదు. కింది జాలీ పొడవు, వెడల్పు చూసి మీరే గుణించండి.

*లోతు.* వైశాల్యం ఒకటే అయినా ఆకారం తేడా తెస్తుంది. ముందు నుంచి వెనక్కి 10 అంగుళాలే ఉంటే 12 అంగుళాల పుల్లలు అడ్డంగా పెట్టాల్సిందే, నిలువుగా పెడితే మూత పడదు. చేపలు ఇష్టపడేవాళ్లకు కనీసం ఒకవైపు 14 అంగుళాలు ఉండాలి.

*మూత ఎత్తు.* లెగ్ పీసులకు జాలీ పైన 3 అంగుళాలు చాలు. కోడిని వెన్ను కోసి పరిచి కాల్చాలంటే నాలుగైదు, నిలువునా కాల్చాలంటే ఇంకా ఎక్కువ కావాలి. పోర్టబుల్స్‌లో చాలావాటికి అంత ఎత్తు ఉండదు.

*బర్నర్లు.* ఒకటే బర్నర్ ఉంటే జాలీ అంతా ఒకే మంట. రెండు బర్నర్లకు విడి నాబ్‌లు ఉంటే ఒకవైపు మంట పెట్టి, రెండోవైపు ఆర్పి, ఎముక ఉన్న చికెన్‌ను పక్క వేడిమీద నిదానంగా కాల్చవచ్చు. చికెనే ప్రధానం అయితే 50 చదరపు అంగుళాలు తగ్గినా రెండు బర్నర్లది మేలు. బర్గర్లు, టిక్కాలే అయితే ఒక్కటి చాలు.

*బీటీయూ.* ఇది ఎక్కువ ఉంటే వేడి ఎక్కువ అనుకోవడం పెద్ద పొరపాటు. బీటీయూ వేడిని కొలిచే ప్రమాణం. డబ్బా మీది బీటీయూ అంకె పూర్తి మంట మీద గ్రిల్ గంటకు ఎంత గ్యాస్ తాగుతుందన్న లెక్క. దాన్ని వైశాల్యంతో భాగించి చూడండి:

- వెబర్ క్యూ 1200: 189 చదరపు అంగుళాలు, 8,500 బీటీయూ. అంగుళానికి 45.
- వెబర్ ట్రావెలర్: 320 చదరపు అంగుళాలు, 13,000 బీటీయూ. అంగుళానికి 41 లోపు.
- కోల్‌మన్ రోడ్‌ట్రిప్ 285: 285 చదరపు అంగుళాలు, 20,000 బీటీయూ. అంగుళానికి 70.

మందపాటి పోత ఇనుప జాలీ, బిగువుగా పడే మూత ఉంటే 40–45 చాలు. పలచటి రేకు శరీరం, చుట్టూ సందులు ఉంటే 70 ఉన్నా గాలి వీచిన రోజు ఇబ్బందే. మూత వేసి పక్కనుంచి చూడండి. వెలుతురు బారుగా కనిపిస్తే వేడీ అటే పోతుంది.

6. గ్యాస్ లెక్క: సిలిండర్ ఎంతసేపు వస్తుంది?

పోర్టబుల్ గ్రిల్స్‌కు మామూలుగా వాడేది 16.4 ఔన్సుల చిన్న ప్రొపేన్ సిలిండర్, అందరూ ఒక పౌను సిలిండర్ అంటారు. ఒక పౌను ప్రొపేన్‌లో సుమారు 21,600 బీటీయూలు ఉంటాయి. దాన్ని గ్రిల్ బీటీయూతో భాగిస్తే పూర్తి మంట మీద ఎన్ని గంటలు వస్తుందో తెలుస్తుంది.

- 5,500 బీటీయూ: దాదాపు 3 గంటల 55 నిమిషాలు
- 8,500 బీటీయూ: రెండున్నర గంటలు
- 13,000 బీటీయూ: గంటా 40 నిమిషాలు
- 20,000 బీటీయూ: గంటా 5 నిమిషాలు

మంట తగ్గించి వండితే ఇంకా ఎక్కువే వస్తుంది. కానీ వేడెక్కడానికి పట్టే 15 నిమిషాలు, గాలి, మూత తీస్తూ వేస్తూ ఉండటం అన్నీ కలిసి ఆ మిగులును తినేస్తాయి. పై అంకెలే నమ్ముకోండి.

కాగితం మీద కనిపించని ఇబ్బంది ఇంకొకటి. ప్రొపేన్ ద్రవం ఆవిరయ్యేటప్పుడు సిలిండర్ చల్లబడుతుంది. పెద్ద గ్రిల్ ఆ చిన్న సిలిండర్ నుంచి వేగంగా లాగుతుంటే బయట మంచు పూత పడుతుంది, లోపల ఒత్తిడి తగ్గుతుంది, మంట నీరసిస్తుంది. గ్యాస్ ఇంకా ఉన్నా అయిపోయిందని పారేస్తారు. అక్టోబరులో షికాగో చుట్టుపక్కల ఇది రోజువారీ ముచ్చటే. వేడి నీళ్లు పోయడం, మంట చూపించడం లాంటివి ప్రాణాంతకం. రెండో సిలిండర్ మార్చి, మొదటిదాన్ని మామూలు వేడికి రానివ్వండి.

కాబట్టి సైజుకు సంబంధించిన తీర్పు ఇది: 12,000–13,000 బీటీయూ దాటిన గ్రిల్ కొంటే 20 పౌన్ల ట్యాంకు, దానికి అడాప్టర్ గొట్టం కూడా మీ సామానులో భాగమే అనుకోండి. డిక్కీ కొలతలో ఆ ట్యాంకునూ కలపండి. ప్రయాణంలో అది నిలబడే ఉండాలి, దొర్లకుండా కట్టాలి, కిటికీ కాస్త తీసి ఉంచాలి, దిగగానే కారులోంచి బయటికి తీయాలి. ఇంత తతంగం వద్దనుకుంటే గ్రిల్ సైజు తగ్గించుకోండి.

అడాప్టర్ గొట్టం దగ్గర జరిగే తప్పు. చిన్న సిలిండర్ బిగించే గ్రిల్‌కు రెగ్యులేటర్ గ్రిల్‌లోనే ఉంటుంది. దానికి కొనాల్సింది రెగ్యులేటర్ లేని గొట్టం. పొరపాటున మధ్యలో రెగ్యులేటర్ ఉన్న గొట్టం తెస్తే ఒత్తిడి రెండుసార్లు తగ్గి, మంట కొవ్వొత్తి అంతే వస్తుంది. గ్రిల్ చెడిపోయిందనుకుని తిప్పి ఇచ్చేవాళ్లు ఉన్నారు.

మిగిలిన గ్యాస్ తెలుసుకోవడం. కొత్త సిలిండర్‌ను వంటింటి తక్కెడ మీద తూచి, బరువును మార్కర్‌తో దాని మీదే రాయండి. అందులో ఉండే గ్యాస్ 465 గ్రాములు. వాడాక మళ్లీ తూచండి. 100 గ్రాములు మిగిలితే 8,500 బీటీయూ గ్రిల్ పూర్తి మంట మీద అరగంట నడుస్తుంది. ఒక విడత చికెన్‌కు అది చాలదు, కొత్తది వెంట పెట్టుకోండి.

ఒకసారికే పనికొచ్చే ఈ సిలిండర్లను ఇంట్లో తిరిగి నింపకండి. కాలిఫోర్నియాలో ఉండేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: 2028 జనవరి 1 నుంచి అక్కడ తిరిగి నింపలేని ఒక పౌను సిలిండర్ల అమ్మకం ఆగిపోతుంది. తిరిగి నింపుకునే రకం ఇప్పటికే దొరుకుతోంది.

7. మోయడం, పెట్టడం, అనుమతి

పార్కింగ్ నుంచి పిక్నిక్ బల్ల దాకా దూరాన్ని మరిచిపోతారు. 20–30 పౌన్ల గ్రిల్‌ను ఒకరు మోయగలరు, అదీ రెండో చేత్తో పిల్లను ఎత్తుకోనంతవరకు. 50 పౌన్ల దరిదాపుల్లో ఉండే స్టాండు గ్రిల్స్‌కు చక్రాలుంటాయి. సిమెంటు దారి మీద బాగానే దొర్లుతాయి. గడ్డి, ఇసుక, మెట్లు వస్తే ఇద్దరు పట్టాల్సిందే.

స్టాండుతో వచ్చేవి మడిచినా పొడవు మూడున్నర అడుగుల దాకా ఉంటాయి. సెడాన్ కారు డిక్కీకి లోపల చోటున్నా నోరు చిన్నది. డిక్కీ నోరు వెడల్పు, ఎత్తు కొలవండి.

బల్ల మీద పెట్టే రకం తీసుకుంటే ఆ బల్ల ఏదో ఆలోచించండి. ప్లాస్టిక్ మడత బల్ల కింది వేడికి మెత్తబడుతుంది. కొన్ని పార్కుల్లో చెక్క బల్లల మీద గ్రిల్ పెట్టనివ్వరు. రేకు పలక ఉన్న మడత స్టాండు విడిగా కొంటే ఆ బరువూ లెక్కే.

అపార్ట్‌మెంట్ బాల్కనీ అయితే సైజును నిర్ణయించేది చట్టమే. అమెరికాలో చాలా ఊళ్లు అనుసరించే ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్ ప్రకారం, మండే గుణమున్న బాల్కనీల మీద, అలాంటి కట్టడానికి 10 అడుగుల లోపల మంట మీద వండే సాధనాలు వాడకూడదు. ఒక పౌను సిలిండర్ గ్రిల్‌కు, స్ప్రింక్లర్లు ఉన్న భవనాలకు, ఒకటి రెండు కుటుంబాల ఇళ్లకు మినహాయింపులున్నాయి. అయితే ఊరి నిబంధనో, మీ లీజో ఆ మినహాయింపును కూడా తీసేసి ఉండొచ్చు. లీజు చదివాకే కొనండి. బాల్కనీలో 20 పౌన్ల ట్యాంకు ఆలోచన పెట్టుకోకండి.

పడమటి రాష్ట్రాల్లో వేసవిలో అగ్ని ఆంక్షలు పెట్టినప్పుడు బొగ్గుల గ్రిల్ ఆపేసి, నాబ్‌తో ఆర్పగలిగే గ్యాస్ గ్రిల్‌ను చాలాచోట్ల అనుమతిస్తారు. బయల్దేరే ముందు ఆ పార్కు పేజీలో ఆ రోజు ఆంక్ష చూసుకోవాలి. గుడారంలో, గ్యారేజీలో, వర్షం పడుతోందని కారు వెనక తలుపు కింద ఎన్నడూ వెలిగించవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు.

8. లెక్క తేలాక ఏ తరగతి?

140–170 చదరపు అంగుళాలు. ఇద్దరు ముగ్గురికి, లేదా శాకాహారానికి రెండో గ్రిల్‌గా. క్విజినార్ట్ పెటిట్ గౌర్మే 145, వెబర్ గో ఎనీవేర్ గ్యాస్ రకం 160. ఒక్క సిలిండర్‌తో సాయంత్రమంతా గడుస్తుంది. నలుగురు లెగ్ పీసులు తినే ఇంట్లో ఇదొక్కటే ఉంటే విసుగు వస్తుంది.

180–220. ముగ్గురి నుంచి అయిదుగురు. ఏది కొనాలో తేలక ఆగిపోయినవాళ్లు ఇక్కడ ఆగండి. రెండు విడతలతో పదిమంది దాకా సాగదీయవచ్చు, ఒక పౌను సిలిండర్ చాలు, ఒకరు మోయగలరు.

250–330. వారం వారం ఆరుగురి నుంచి పదిమందికి వండేవాళ్లకు, ఎస్‌యూవీ ఉన్నవాళ్లకు. దీన్ని నెలకోసారి తీసేవాళ్లు కొంటే అది గ్యారేజీలోనే ఉండిపోతుంది.

330 దాటితే పోర్టబుల్ అన్న మాటకు అర్థం లేదు. గుళ్లో పిక్నిక్‌కో, తెలుగు సంఘం వేడుకకో యాభైమందికి కావాలంటే పెద్దది అద్దెకు తీసుకోండి, లేదా నలుగురు తమ 190 గ్రిల్స్ తెచ్చుకోండి. నాలుగు చోట్ల నలుగురు వండుతుంటే పని త్వరగా అవుతుంది, ఒకటి మొరాయించినా భోజనం ఆగదు.

దోసెలు, ఆమ్లెట్లు, కొత్తు పరోటా మీ అసలు ఉద్దేశం అయితే జాలీ గ్రిల్ వద్దు, పెనం రకం గ్రిడిల్ చూడండి. అక్కడ 0.7 బదులు 0.85 వేసుకోవచ్చు, మంట లేచే భయం లేదు కనుక. కానీ బ్లాక్‌స్టోన్ 22 అంగుళాల రకం లాంటివి 24,000 బీటీయూ లాగుతాయి. ఒక పౌను సిలిండర్ గంట కూడా రాదు. దానికి 20 పౌన్ల ట్యాంకు తప్పనిసరి.

ఇండియాలో అమ్మానాన్నలకు కొనిపట్టుకెళ్దాం అనుకుంటే మానుకోండి. అక్కడి సిలిండర్ వాల్వు, రెగ్యులేటర్ బిగింపు వేరు. అక్కడి ఎల్పీజీలో బ్యూటేన్ కలిసి ఉంటుంది, ఈ గ్రిల్ జెట్‌లు ప్రొపేన్‌కు చేసినవి. అడాప్టర్లతో అతుకులేసి నడిపించే పని కాదు. 5 కిలోల సిలిండర్‌తో నడిచేలా అక్కడే తయారైనది అక్కడే కొనండి.

9. సైజు తప్పా, వాడకం తప్పా? మార్చేముందు చూడండి

మంట చిన్నగా ఉంది, 20 పౌన్ల ట్యాంకు పెట్టాక. ట్యాంకు వాల్వు ఒక్కసారిగా తిప్పితే లీకు అనుకుని భద్రతా అమరిక గ్యాస్‌ను బిగబడుతుంది. అన్నీ కట్టేసి, గొట్టం విప్పి, ఒక నిమిషం ఆగి, మళ్లీ బిగించి, గ్రిల్ నాబ్‌లు మూసి ఉండగానే వాల్వును నెమ్మదిగా తెరవండి.

చికెన్ పైన మాడి, ఎముక దగ్గర పచ్చిగా ఉంది. గ్రిల్ చిన్నదై కాదు, మంట ఎక్కువై. మొదటి 25 నిమిషాలు మధ్యస్థం కంటే తక్కువలో మూత వేసి, చివర్లో మంట పెంచి రంగు తెప్పించండి. థర్మామీటరు ఎముకకు తగలకుండా గుచ్చితే కనీసం 165 డిగ్రీల ఫారెన్‌హీట్ రావాలి. లెగ్, థై పీసులు 175–180 దగ్గర ఇంకా మెత్తగా వదులుతాయి.

మంటలు ఎగిసిపడుతున్నాయి. పెట్టేముందు ముక్కకు అంటుకున్న పెరుగు, నూనె విదిలించండి. తేనె, చక్కెర ఉన్న పూత ఆఖరి అయిదు నిమిషాల్లోనే పూయాలి. ఖాళీగా ఉంచిన ఆ 30 శాతం చోటు అక్కర పడేది ఇప్పుడే.

వేడి నిలవడం లేదు. గాలి ఎటు వీస్తుందో చూడండి. చాలా గ్రిల్స్‌కు వెనక సందు ఉంటుంది. ఆ సందులోకి గాలి దూరితే మంట ఆరుతుంది, లేదా వేడి నాబ్‌ల వైపు తిరుగుతుంది. వెనక వైపు గాలికి ఎదురుగా లేకుండా తిప్పండి. చుట్టూ అట్టలు కట్టి గాలి ఆపే ప్రయత్నం వద్దు, సిలిండర్ వేడెక్కుతుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా రెండు విడతలకు మించి పడుతుంటే, అప్పుడు సైజు చిన్నదే.

10. తెచ్చిన రోజు చేయాల్సిన పనులు, ఈ వరసలోనే

- డబ్బా విప్పి, వెలిగించకముందే డిక్కీలో పెట్టి చూడండి. కూలర్, కుర్చీలతో సహా. వంట చేసిన గ్రిల్‌ను తిరిగి తీసుకోవడానికి షాపులు ఇబ్బంది పెడతాయి, వెలిగించనిదానికి అంతగా పెట్టవు.
- డిక్కీ నుంచి దించి వంద అడుగులు మోసి చూడండి. రోజూ మోసేవాళ్లతో మోయించండి.
- జాలీని టేపుతో కొలిచి డబ్బా మీది అంకెతో సరిచూడండి.
- ఆరుబయట సిలిండర్ బిగించి, కలిసేచోట సబ్బునీళ్లు పూయండి. బుడగలు వస్తే విప్పి మళ్లీ బిగించండి. అప్పటికీ వస్తే వాడవద్దు.
- మూత తీసే వెలిగించండి. అంటుకోకపోతే కట్టేసి, మూత తెరిచే అయిదు నిమిషాలు ఆగండి.
- మూత వేసి ఎక్కువ మంట మీద 15 నిమిషాలు ఖాళీగా కాలనివ్వండి. ఫ్యాక్టరీ నూనె పోతుంది.
- మంటను మధ్యస్థానికి తగ్గించి, జాలీ నిండా చౌక బ్రెడ్ ముక్కలు పరవండి. నిమిషమో రెండో ఆగి వరస చెడకుండా తిప్పేసి ఫోనులో ఫొటో తీయండి.

ఆ ఫొటోలో నల్లబడ్డ చోటు, తెల్లగా మిగిలిన చోటు స్పష్టంగా కనిపిస్తాయి. పన్నెండు ముక్కలకు తొమ్మిది సమంగా కాలితే మీ గ్రిల్ లెక్క 0.75, ఏడే కాలితే 0.58. మూడో అంచెలోని సూత్రంలో 0.7 తీసేసి ఆ అంకె వేసి, మీ లెగ్ పీసులు మళ్లీ లెక్కబెట్టండి. 190 చదరపు అంగుళాల గ్రిల్‌కు 0.58 వస్తే ఒక విడతకు తొమ్మిది పడతాయి, 0.75 వస్తే పదకొండు.